గోరింక గుచ్చిన ఈక

ఆ అడవిలో తొర్ర బేరం కుదిరితే, కొన్నవాళ్లు తమ ఈక ఒకటి పీకి దాని గుమ్మంలో గుచ్చుతారు. ఇక ఆ తొర్రవంక ఇంకెవరూ చూడకూడదు.

గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డ గోరింక, రోజూ పురుగులు తెచ్చిస్తానని, తొర్ర తొలిచిన వడ్రంగిపిట్టని ఒప్పించి, రెక్కలోని పెద్ద ఈకే పీకి గుచ్చింది. తెల్లారి వచ్చి చూస్తే ఈక దుమ్ములో పడుంది. తొర్రలో చిలుక కూర్చునుంది.

"ఏం చెయ్యను చెల్లీ, చిలుక ఏకంగా చీమలపుట్టే చూపిస్తానంది" అని నసిగాడు వడ్రంగిపిట్ట. "నువ్వింకాస్త పెంచు, దాన్ని ఇప్పుడే లేపేస్తాను."

లోపల చిలుక ఉలిక్కిపడింది.

గోరింక తల దించలేదు. "నా ఈక పీకి పారేసిన గుమ్మంలో మళ్లీ గుచ్చను అన్నా" అంది. ఈకని ముక్కున కరుచుకుని ఎగిరిపోయి, వాగు ఒడ్డున పాత రాతిగోడ కన్నంలో గుచ్చుకుంది.

ఆ కన్నం ఇరుకే. అయినా గోరింక అక్కడే పిల్లల్ని లేపింది, మేతకి పోయి పాడుకుంటూ తిరిగొచ్చేది.

చిలుక మాత్రం ఎదుటి కొమ్మన జామకాయలు పండి రాలిపోతున్నా తొర్ర వదిలి రాలేదు, వడ్రంగిపిట్టకి ఎవరు ఇంకో పుట్ట చూపిస్తారోనని.