తెల్లమచ్చ

"తమ్ముడూ, ఫొటోలన్నీ పాడైపోయాయటగా!" అంటూ విచారణ గది బయట మేనేజరు నవ్వాడు.

ఫొటోగ్రాఫరు పళ్లు కొరికాడు. మేనేజరు చొక్కాకున్న గుండీ మామూలుది కాదు. ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, లెన్సులోకి వెలుగు చిమ్ముతుంది. ఫ్యాక్టరీ మొత్తంలో అలాంటిది అతనొక్కడికే ఉంది. ఫ్యాక్టరీ తగలబడిన రోజు ఫొటోగ్రాఫరు తీసిన ప్రతి ఫొటోలోనూ ఒక మనిషి ఉండాల్సిన చోట తెల్లమచ్చ పడింది. "మచ్చల్ని అచ్చువేసుకోమంటావా?" అని పత్రికవాళ్లు వాటిని మొహాన కొట్టారు.

లోపల విచారణాధికారి ముందు మేనేజరు ఎక్కడలేని వినయం ఒలకబోశాడు. "గేటుకు తాళం ఎవరు వేశారో నాకేం తెలుసండీ? ఆ రోజు నేను ఊళ్లోనే లేను."

ఫొటోగ్రాఫరు ఫొటోలను బల్ల మీద విసిరికొట్టాడు.

"ఇదిగో, గేటు సందులోంచి చాచిన ఈ చెయ్యి మా అక్కది. ఇది తాళం. మరి దాని పక్కన ఈ మచ్చ ఎవడ్రా?"