సిపాయి పోచయ్య ఇల్లు

జేసీబీ తొండం ఇంటి ముంగటి అరుగు మీదికి లేచింది. శైలేందర్ ఉరికొచ్చి దానికి అడ్డం నిలవడ్డడు.

"సార్, ఆగున్రి! గీ బండ సదువున్రి!"

రోడ్డు వెడల్పు జేసే సారు చెయ్యెత్తి జేసీబీని ఆపిండు. గోడ పక్కన నిలబెట్టిన నల్లబండ మీద ఇట్ల ఉన్నది: 'మొదటి ప్రపంచ యుద్ధంల కొట్లాడిన సిపాయి పోచయ్య ఇల్లు.'

ఆ పోచయ్య పుట్టి వారం గూడ కాలే. పేరున్నోళ్ల ఇల్లయితే రోడ్డే పక్కకు వంగుతదని ఎవరో అంటే, శైలేందరే సిద్దిపేటల బండ చెక్కించుకొచ్చి పాతిండు. ఫోటో తీసి జిల్లాల ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిట్ల ఏసిండు.

"ఎవరీయన?"

"మా తాతకు నాయిన, సార్."

"ఏడ కొట్లాడిండు?"

శైలేందర్ నోరు తెరిసేలోపే పక్కింటి ఉప్పలయ్య అందుకున్నడు. "దుబాయ్ దాటినంక ఎడమ దిక్కు, సార్. తూటాలైపోతే వడిసెలతోని ఇమానం కూలగొట్టిండు. దాని రెక్కే మా బర్రెల కొట్టం మీది రేకు."

శైలేందర్ ఆయన కాలు తొక్కిండు. ఉప్పలయ్యకు ఇంకింత ఊపొచ్చింది. "రెండు ఇమానాలు, సార్!"

సారు నవ్వలే. "నేను గూడ పల్లెటూరోన్నే. పెత్రమాసనాడు పెద్దల పేర్లు చెప్పి బియ్యం ఇస్తరు గదా. ఆ బియ్యం పట్టే అయ్యగారిని పిలువున్రి. పోచయ్య ఉన్నడో లేడో ఆయనే చెప్తడు."

శైలేందర్‌కు పట్టిన చెమటకు కాళ్ల చెప్పులు తేలినయ్. భార్య సౌమ్య గడప పట్టుకొని గొణిగింది. "అయిపాయె. ఇంటితోని నిన్ను గూడ ఎత్తుకపోతరు."

అయ్యగారు వచ్చిండు. బండను జూసిండు. జేసీబీని జూసిండు. శైలేందర్ ఇల్లు కూలినంక వరసల తన ఇల్లే ఉన్నదని గూడ జూసిండు.

"పోచయ్యనా? మహావీరుడు! ఏటేటా ఆయన పేరు మీద బియ్యం పట్టింది ఈ చేతులతోనే."

సారు బండకు సెల్యూట్ కొట్టిండు. "వారసులకు ఇడిసిపెడుతున్నం. ఈ ఇంటిని ముట్టొద్దు. పోచయ్య అబద్ధమని తేలిందనుకో, అప్పుడు సూస్త."

శైలేందర్‌కు పానం మల్లొచ్చింది.

అప్పుడే ధూళిమిట్ట ఊరి దిక్కు నుంచి ఓ ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. మీద మంచాలు, గ్యాస్ బండ, కోళ్ల గంప, ఏడెనిమిది మంది మనుషులు. బాలలక్ష్మి అనే ముసలమ్మ దిగి, పోచయ్య బండను కావలించుకొని శోకం బెట్టింది. "తాతా! ఫోటో సూసి గుర్తువట్టినమే!"

"ఎవరమ్మా నువ్వు?" అన్నడు సారు.

"పోచయ్య తాత పెద్దపెండ్లాం మనుమరాల్ని, సారూ."

శైలేందర్ నోరు తెరిసిండు. జేసీబీ ఇంజన్ ఇంకా బంద్ కాలే. నోరు మూసుకున్నడు.

ముసలమ్మ కండ్లు తుడుసుకొని శైలేందర్ గదువ పట్టుకున్నది. "తమ్మీ, మా సగం ఇల్లు ఏ దిక్కుది?"