పద్నాలుగు ఇంచుల పరీక్ష

"ఆ పదమూడు ఇంచులది ఇంకోసారి చూపించు బాబూ."

అది నాలుగోసారి. కౌంటరు వెనక కుర్రాడు కళ్లద్దాలు పైకి తోసుకుని, ఇందాకే మూసి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌ను మళ్లీ తెరిచాడు. మొహంలో విసుగు లేదు. ఆవిడకు అదే అనుమానంగా ఉంది.

నిజానికి ఆవిడ ల్యాప్‌టాప్ కొనడానికి రాలేదు. "చేసుకుంటే అతన్నే చేసుకుంటాను" అని నిన్న భోజనాల దగ్గర కూతురు తేల్చి చెప్పింది. పేరు చెప్పలేదు, ఫొటో చూపించలేదు. పెద్ద వీధి మలుపులో కంప్యూటర్ల షాపు, అందులో ల్యాప్‌టాప్‌ల కౌంటరు, కళ్లద్దాలు. అడగ్గా అడగ్గా రాబట్టింది ఇంతే. "మనసు వెన్నమ్మా. కాకపోతే కోపం కాస్త ముక్కు మీదే ఉంటుంది" అని మాత్రం తనంతట తనే ఒప్పుకుంది.

ఆ కాస్త ఎంతో కొలుచుకుని పోదామని వచ్చింది తల్లి. మొగుడి కోపాన్ని ముప్పై ఏళ్లుగా భరిస్తోంది, ఆ పాట్లు కూతురికి వద్దు. ఇంట్లో అరిచేది ఆయనే అయినా ఆఖరి మాట ఆవిడది. ఇవాళ ఈ కౌంటరు దగ్గర ఆవిడ సరే అనుకుంటే పెళ్లి, కాదనుకుంటే లేదు.

"మా అమ్మాయికి ఇది మరీ పలకలా ఉంటుంది" అని పెదవి విరిచింది.

"అమ్మాయిగారు ఏం చేస్తారమ్మా?"

"ఇళ్లకు ప్లాన్లు గీస్తుంది. రోజూ రెండు బస్సులు మారి వెళ్తుంది."

ఆ మాటకు ఉలిక్కిపడతాడేమోనని అతని కళ్లలోకే చూసింది. రెప్ప కూడా వెయ్యలేదు. గట్టివాడే అనుకుంది.

"అయితే ఇది వద్దమ్మా. మోయడానికి హాయే గానీ, పెద్ద పెద్ద ప్లాన్లు తెరిస్తే వేడెక్కి మొరాయిస్తుంది. గీతలు కనపడక కళ్లు చిట్లించుకోవాలి. ఆ చిరాకంతా ఇంటికొచ్చి మీ మీద చూపిస్తారు."

ఆవిడకు నవ్వొచ్చింది. ఆపుకుని ఎర వేసింది. "పోనీ ఆ పదహారు ఇంచులది ఇచ్చెయ్. ఖరీదెక్కువ కదా, మంచిదే అయ్యుంటుంది."

"మంచిదే. ఒక్కసారి మీ సంచి ఇలా ఇవ్వండి."

ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టి, దాని ఛార్జరు కోసం మూడు సొరుగులు తెరిచి మూశాడు. చివరికి బిల్లులు కొట్టే అమ్మాయి వైపు తిరిగి, "ఛార్జర్లు ఎక్కడుంటాయండీ?" అన్నాడు. ఆమె తలెత్తకుండానే కింది అర చూపించింది. చొక్కా చేతులు మణికట్లు దాటి జారిపోతుంటే పైకి మడుచుకుంటూ వంగి తీశాడు. కొలతకు సరిపడే చొక్కా కొనిపెట్టే దిక్కు కూడా లేదు కాబోలు, పాపం అనుకుంది ఆవిడ.

"ఇది భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి రండమ్మా."

వెళ్లొచ్చింది. మళ్లీ వెళ్లిరమ్మన్నాడు. రెండో విడత సగం దారిలోనే భుజం లాగింది.

"ఇక రెండు బస్సులు మారే మనిషి సంగతి ఆలోచించండి" అన్నాడు, సంచి అందుకుంటూ.

"మరెలాగయ్యా? మోసేటప్పుడు చిన్నదై ఉండాలి, పని చేసేటప్పుడు పెద్దదై ఉండాలి. అలాంటిది ఎక్కడుంటుంది?"

"పద్నాలుగు ఇంచులది. లోపల సరుకు దీంట్లో ఉన్నదే, బరువు దాదాపు సగం. ఆఫీసులో పెద్ద తెర ఉంటే దానికి తగిలించుకుంటారు. పదహారుకు పెట్టేది డబ్బు దండగ."

ఎర అలాగే ఉంది, చేప తాకనే లేదు. ఆవిడ మనసు సగం కరిగిపోయింది. అయినా తల్లి కదా, ఆఖరి బాణం కూడా వదిలింది. పద్నాలుగు ఇంచులదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇందాక అడిగిన ప్రశ్నలే మరో గంటసేపు అడిగి, అంతా అయ్యాక, "ఏమో, ఆ మొదట చూపించిందే మేలేమో" అంది.

కుర్రాడు నవ్వేశాడు. "ఇవాళ కొనకండమ్మా. వాడేది తను కదా, రేపు తననే తీసుకురండి. చేత్తో పట్టుకుని, నచ్చిందో లేదో తనే చెప్తుంది. నేను లేకపోయినా పద్నాలుగు అని చెప్పండి, చూపిస్తారు."

నచ్చిందో లేదో తనే చెప్తుందట! ఆ ఒక్క మాటకు ఆవిడ కళ్లు చెమర్చాయి. ఈ మాట తన పెళ్లప్పుడు ఎవరూ అనలేదు. ఖాళీ సంచితో లేస్తే అతనే వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు.

వీధిలోకి వచ్చీ రాగానే కూతురికి ఫోన్ చేసింది.

"నాకు నచ్చాడే."

"ఎవరమ్మా?"

"ఇంకెవరు, నీ ల్యాప్‌టాప్‌ల అబ్బాయి! ఇప్పుడే షాపులోంచి బయటికొచ్చాను. రెండు గంటలు వేపుకు తిన్నాను. ఒక్కటీ కొనకుండా లేచొచ్చాను. మొహం చిట్లిస్తే ఒట్టు! కోపమట కోపం. ఎక్కడుందే?"

ఫోన్లో ఎవరో దేన్నో దబదబా బాదుతున్న చప్పుడు.

"ఏంటే ఆ గోల?"

"ఏం లేదమ్మా. మా ఆఫీసు కింద కాఫీ మిషన్ ఉంది కదా, చిల్లర మింగేసిందని ఎవరో తంతున్నారు."

"చూశావా, అలాంటివాడు తగులుకోలేదు, అదృష్టవంతురాలివి. మీ నాన్నతో నేను మాట్లాడతాలే. పెళ్లికి నేను సరే అన్నట్టే."

"మళ్లీ మాట మార్చవు కదా?"

"సరే అన్నాక నేను మాట మార్చడం నీకు తెలుసా?"

"తెలీదమ్మా" అంది కూతురు మెల్లిగా. ఫోన్ పెట్టేసి, మిషన్‌ను ఇంకో తన్ను తన్నబోతున్న కళ్లద్దాల మనిషిని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇవాళ షాపులో నీ బదులు ఎవరున్నారు?"