మావాళ్ళు, మీవాళ్ళు

కింద వాటా ఆయన తాలూకు ఎవరో పోయారని మేడమీది ఆవిడ పాలబూత్ దగ్గర చెప్పిందట.

మూడు రోజులుగా ఆయన గడ్డం గీయలేదు, పనిలోకి పోలేదు, గుమ్మంలో కూచుని గోడకేసి చూస్తున్నాడు, ఇంకేం రుజువు కావాలీ అందట.

ఆ మాట నాలుగు నోళ్ళు తిరిగింది. వెనక సందులో ఉండే పెద్దాయన డజను అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకు వచ్చేశాడు.

"పోయినవాళ్ళు మీకేమవుతారు బాబూ?"

"కంపెనీ అండీ," అన్నాడు అతను.

పెద్దాయనకు పాలుపోలేదు. పళ్ళు ఇచ్చి వెళ్ళాలో, పట్టుకుపోవాలో తెలియక సగం ఇచ్చి వెళ్ళాడు.

వీధిలో అతన్ని సెల్లు సిద్ధాంతి అంటారు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీయడం అతని పని. ఫోన్లు అతని ప్రాణం.

చుట్టుపక్కల ఎవరు ఫోను కొనాలన్నా ముందు అతని గుమ్మం తొక్కాల్సిందే. కెమెరాలెన్ని, బ్యాటరీ ఎంతసేపు, లోపలి చిప్పు ఏ తరానిది, అన్నీ నాలుక చివరే. అంతా విడమరిచి చెప్పి, ఆఖర్న తేల్చేది మాత్రం ఒకటే.

"నీలం డబ్బా కొనండి."

నీలం డబ్బాలో వచ్చేవి తప్ప మిగతావన్నీ అతనికి రేకుముక్కలు.

ఆ కంపెనీని "మావాళ్ళు" అంటాడు. మావాళ్ళు ఈ ఏడు మడతఫోను దించుతున్నారు. మావాళ్ళ దెబ్బకి ఎర్రడబ్బావాళ్ళు మూడో స్థానానికి జారిపోయారు.

భార్య పుట్టింటివాళ్ళని "మీవాళ్ళు" అంటాడు.

ఆమె తమ్ముడిది ఎర్రడబ్బా ఫోను.

నాలుగేళ్ళ కిందట ఆ తమ్ముడింటికి భోజనానికి వెళ్ళారు. అతను కొత్త నీలం ఫోనుని కంచం పక్కన నిలబెట్టి, వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాడు. బావమరిది వడ్డిస్తున్నవాడల్లా ఆగి, "పైకి తళుకు, లోపల డొల్ల," అన్నాడు.

అతను తింటున్న కంచం ముందు నుంచి లేచాడు.

ఎంగిలిచేత్తోనే చిప్పు వేగం చెప్పాడు. బ్యాటరీ సంగతి చెప్పాడు. ఎర్రడబ్బా పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెట్టాడు. భార్యని రెక్కపట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు.

అంతే, రాకపోకలు తెగిపోయాయి.

ఆ ఇల్లు నాలుగు వీధుల అవతలే. ఆమె టైలరు దుకాణంలో గుండీలు కుట్టి ఇంటికొస్తూ, ఆ సందు మొదట్లో చెప్పు సర్దుకునే వంకతో ఆగుతుందని మేడమీది ఆవిడ ఒకసారి అంది. ఆవిడ మాటలెవరు నమ్ముతారని అతను కొట్టిపారేశాడు.

ఇప్పుడేమో నీలం డబ్బావాళ్ళని ఎర్రడబ్బావాళ్ళు కొనేశారు.

యజమానులిద్దరూ కొత్త వియ్యంకుల్లా భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్న ఫొటో వచ్చింది. ఎర్రడబ్బా మనుషులతో నాలుగేళ్ళపాటు కామెంట్లలో కుస్తీ పట్టాడు అతను. చిప్పుని ఒక్క మాటన్నందుకు చిన్ననాటి స్నేహితుణ్ణి బ్లాక్ చేశాడు. ఆ ఫొటోని పెద్దది చేసి, చిన్నది చేసి, మూడు రోజులు చూశాడు.

నాలుగోరోజు సాయంత్రం గడ్డం గీసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ తమ్ముడికి ఫోన్ కలుపు."

"ఎవరికీ?"

"అంత పెద్దవాళ్ళే కలిసిపోయారు. మనమెంత."

ఆమె తడిచేతులు కొంగుకి రెండుసార్లు తుడుచుకుంది. నంబరు వెతకలేదు, వేళ్ళకే తెలుసు. స్పీకరు నొక్కి గట్టుమీద పెట్టింది.

"అక్కా?"

ఆమె ఫోనుకి దగ్గరగా జరిగింది. "బాగున్నావురా? మీ బావ మాట్లాడతారంట."

అతను గొంతు సవరించుకున్నాడు.

"చూశావుగా. మావాళ్ళూ మీవాళ్ళూ ఒకటైపోయారు. ఇంకా మనకెందుకీ పట్టింపులు? ఆ రోజు నువ్వన్నది నేను మర్చిపోయాను."

"ఏది బావా?"

"అదే. పైకి తళుకు, లోపల డొల్ల."

"దానికీ కంపెనీలకీ ఏంటి సంబంధం?"

"ఫోన్నేగా నువ్వన్నది!"



"ఫోన్నెందుకంటాను బావా? అది నన్నేం చేసింది? నిన్నన్నాను. అక్క కుట్టుమిషను అమ్మేసి ఫోను కొనుక్కొచ్చి, అక్క ముందే పెట్టుకుని మురిసిపోతుంటే కడుపు మండి నిన్నన్నాను. నువ్వు లేచి బ్యాటరీ గురించి చెప్పావు. ఇంకేమనను?"

అతను భార్య వంక చూశాడు. ఆమె పొయ్యి వంక చూస్తోంది.

నాలుగేళ్ళ బరువేదో అతని గుండెల మీంచి దిగింది. నవ్వొచ్చింది కూడా.

"ఓరి నీ! ఆ ముక్క అప్పుడే చెప్పొద్దుట్రా? నన్నంటే నేను పడనా? బావని బావమరిది అనక ఇంకెవరంటారు!"

ఫోను మీదికి ఇంకాస్త వంగాడు.

"అంటే, ఫోను బాగున్నట్టేగా?"



ఆమె పొయ్యి ఆర్పేసింది. చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది.

"ఫోను మంచిదేనండీ. మా తమ్ముడన్నదీ నిజమే."