ఒక బావి, రెండు మోటర్లు

ఉదయం నుంచి రెండు మోటర్లూ నడవడం లేదు. నాందేడ్‌లో తన గదిలో ఉన్న సిద్ధార్థకు కాలు నిలవడం లేదు.

కర్ఖేలిలో అతని మేనమామలిద్దరికీ కలిపి ఒకటే బావి. రెండు మోటర్లూ ఒకేసారి తిరిగితే ఎవరి చేనికీ నీళ్లు చేరవు. చేనిగట్టు గొడవ తర్వాత అన్నదమ్ములకు మాటల్లేవు. అందుకని ఆ మాటలేవో మోటర్లకు నేర్పాడు సిద్ధార్థ. ఆఫీసులో అతని పనీ అదే. ఒకేసారి నడిచే ప్రోగ్రాములు ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా సందేశాలతో సర్దిచెప్పడం.

ఒక్కో మోటర్ పక్కన ఒక్కో పెట్టె, అందులో ఒక సిమ్. ఒక పెట్టె ‘నాదైపోయింది, ఇక నువ్వు’ అని సందేశం పంపాలి. అది అందేదాకా రెండో మోటర్ కదలదు. వాన పడ్డ రోజు వంతు వదులుకోవడానికి పచ్చ మీట కూడా పెట్టాడు. నొక్కితే అదే సందేశం అవతలికి పోతుంది. వదులుకునే మనుషులెక్కడున్నారని అప్పుడే నవ్వుకున్నాడు.

ఇప్పుడు వానే లేదు. చేలల్లో పసుపు పంట ఆకులు ఎండకు చుట్టుకుపోతున్నాయి. బావిలో మిగిలిన నీళ్లు ఒక్కరి వంతుకే సరిపోతాయి.

పెద్దమామ మారయ్య ఫోన్ చేశాడు.

“సిద్ధూ, వాని మోటర్ నడుస్తలేదేందిరా?”

“నీది నడుస్తుందా మామా?”

“నాదాన్ని పక్కకు పెట్టు. ముందు వానిది చూడు.”

ఆ ఫోన్ పెట్టీ పెట్టగానే చిన్నమామ సూర్యకాంత్.

“అన్న మోటర్ సప్పుడు లేదు. ఏం జేసినవ్‌రా?”

“మరి నీది మామా?”

“నా సంగతి నీకెందుకు?”

ఎవరికి వాళ్లు ఎదుటివాడి మోటర్ మీదే కన్నేసి కూర్చున్నారు. సిద్ధార్థకు ఒళ్లు మండింది.

ల్యాప్‌టాప్ తెరిస్తే పిచ్చెక్కింది. పెట్టెల మధ్య సందేశాలు ఆగకుండా పోతున్నాయి. ఒకటి పంపుతుంది, రెండోది అందుకుంటుంది, చుక్క నీరు తోడకుండానే తిప్పి పంపేస్తుంది. ప్రోగ్రాం అంతా వెతికాడు. తప్పు దొరకలేదు.

అతని తల్లి గోదావరి గది గుమ్మంలోకి వచ్చింది. ఈ పెట్టెలకు అన్ననూ తమ్ముణ్నీ బతిమాలి ఒప్పించింది ఆమే.

“నువ్వు పో బిడ్డా. ఇయ్యాల నీళ్ల కాడ కొట్టుకున్నరంటే ఇంక ఈ జన్మల కలువరు.”

ధర్మాబాద్ వైపు పోయే బండి ఎక్కాడు. ఎదురొచ్చే రైలు కోసం దారిలో ఆపేశారు. తలుపు దగ్గర నిలబడి పళ్లు నూరాడు. మామల చేతుల్లో పారలు కళ్లముందు ఆడుతున్నాయి. తను రాసిన ప్రోగ్రాం వల్ల ఎవరి తల పగులుతుందోనని భయమేసింది.

కర్ఖేలిలో దిగి చేనిగట్ల మీద పరుగెత్తాడు. బావి దగ్గర అరుపుల్లేవు. అది ఇంకా భయపెట్టింది. షెడ్డు వెనక నుంచి తొంగి చూశాడు.

బావికి ఈ దరిన మారయ్య, ఆ దరిన సూర్యకాంత్, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పెట్టెల ముందు చతికిలబడి, వంతు తమ దగ్గరికి వచ్చినప్పుడల్లా పచ్చ మీట నొక్కుతున్నారు.