తీసేసిన గీతలు

"మేడం, సంతకం వెట్టే ముందట గీ ఒక్క గీత సూడుండ్రి," అంటూ అసిస్టెంటు దివాకర్ ల్యాప్‌టాప్‌ను ప్రేమలత ముందుకు జరిపాడు.

ఆమె చూడలేదు. జగిత్యాలలోని ఆమె ఆఫీసు గదిలో బల్లకు అవతల మహిపాల్ వచ్చి కూర్చుని అప్పటికే గంట దాటింది. సిరిసిల్ల శివార్లలో ఆడపిల్లల హాస్టల్ కట్టించిన ట్రస్టు మనిషి అతను. రేపు పొద్దున మూడువందల నలభై మంది పిల్లలు పెట్టెలతో దిగుతారు. హాస్టల్ కిందుగా నేలలో పోయే పాత పగులు కదలడం లేదని, భూకంపం భయం లేదని ప్రేమలత రాసిస్తే చాలు. రాయకపోతే తలుపులకు తాళమే.

"ఏందది?" అంది.

"నిన్న రాత్రి రెండు గంటలకు పడ్డ కుదుపు మేడం. గిసువంటియి నిన్న ఒక్కదినమే తొంభై ఉన్నయ్. మొదటి నెలల రోజుకు పన్నెండే ఉండె."

"సాంచాలు, దివాకర్."

మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. పుట్టింది కోరుట్లలోనే కాబట్టి ప్రేమలతకు ఆ మాట కొత్త కాదు. భూమి లోపలి పగుళ్ల వెంట ఇరవై ఆరేళ్లుగా తిరుగుతున్న మనిషి. హాస్టల్‌కు దగ్గర్లో, నేల తవ్వగానే బండ తగిలే చోటు కోసం వెతికి వెతికి, చివరికి పరశురాములు అనే నేతగాని ఇంటి వెనక గదిలో కంపనలు పట్టే యంత్రం బిగించింది. గోడ అవతలే అతని షెడ్డు, అందులో ఎనిమిది సాంచాలు. స్విచ్చి వేసినప్పుడల్లా ఒక్కో సాంచ నేలను ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపులన్నీ లెక్కలోంచి తీసేస్తే, యంత్రం పెట్టిన ఈ ఏడు నెలల్లో పగులు ఉలకలేదు, పలకలేదు.

"రాత్రి రెండింటికి సాంచాలు ఎవలు నడుపుతరు మేడం? నేనొక్కసారి పోయి సూసొస్త."

"పని మీద పని ఉంటే నడుపరా? గొల్లపల్లి యాదికున్నదా నీకు?"

దివాకర్ ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకున్నాడు. తొమ్మిదేళ్ల కింద గొల్లపల్లి దగ్గర ఇలాంటి గీతలే చూసి ప్రేమలత ఊరందరినీ ఆరుబయట పడుకోమంది. పద్దెనిమిది రోజులు జనం చలిలో, పొలాల్లో పడుకున్నారు. లచ్చయ్య అనే పెద్దాయన ఆ చలికే పోయాడు. తీరా చూస్తే అవి రాళ్ల క్వారీలో పేలుళ్లు. పేపర్లు ఏకిపారేశాయి. అదంతా ఎలాగో దిగమింగుకుంది గానీ, "మా నాయినను నువ్వే సంపినవ్" అని లచ్చయ్య కూతురు అన్న మాట మాత్రం ఈనాటికీ గొంతులో ముల్లులాగే ఉంది. అప్పటినుంచి భూమిని అనుమానించే ముందు మనుషులు చేసే చప్పుళ్లను అనుమానించడం అలవాటు చేసుకుంది.

అలాగని కళ్లు మూసుకుని సంతకం చేసే రకం కాదు. ఫోన్ తీసి పరశురాములుకు కలిపి, స్పీకరు పెట్టింది.

"మంచిగున్నవా అన్నా? సాంచాలు నడుస్తున్నయా?"

సిరిసిల్లలో నేతపని ఇళ్లవాళ్లను ఎవరు పలకరించినా ముందు అడిగేది అదే.

"మీ దయతోటి నడుస్తున్నయ్ మేడం. బాగ నడుస్తున్నయ్." అతని మాట వెనక బస్సుల హారన్లు.

"రాత్రిపూట గూడనా?"

అతను హారన్ల మీంచి గొంతు పెంచాడు.

"రాత్రి పగలు నడుస్తున్నయ్. ఆర్డర్లు మస్తుగున్నయ్ మేడం."

"గిప్పుడు ఏడున్నవ్?"

"వేములవాడల. జర పనివడి అచ్చిన."

ఫోన్ పెట్టేసి, "విన్నవ్ గద?" అంది దివాకర్‌తో. మహిపాల్ నవ్వుతూ పెన్ను మూత తీసి ఇచ్చాడు. ప్రేమలత సంతకం పెట్టింది. తొమ్మిదేళ్లకు మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నట్టనిపించింది. మహిపాల్ ఫైలు చంకలో పెట్టుకుని గబగబా మెట్లు దిగాడు.

"ఇంకోటి వడ్డది మేడం," అన్నాడు దివాకర్, తెర మీదినుంచి కళ్లు తిప్పకుండా.

"పడనీ," అని ఆమె బ్యాగు సర్దుకుంది.

హైదరాబాద్ వెళ్తూ సిరిసిల్లలో ఆగింది. హాస్టల్ గేటుకు మామిడాకులు కడుతున్నారు. కిటికీ మూలనుంచి పైకప్పు దాకా ఒక సన్నటి బీట కనిపించింది. కొత్త సిమెంటుకు అది మామూలేలే అనుకుంది. పరశురాములుకు మిఠాయి డబ్బా ఇచ్చి పోదామని కారు వాళ్ల ఇంటివైపు తిప్పించింది.

గడపలో అతని తల్లి శంకరవ్వ కూర్చుని ఉంది. వెనక షెడ్డులో చప్పుడు లేదు. భోజనాల వేళ.

"పరశురాములన్న ఇంక రాలేదా అవ్వా?"

"వాడు వేములవాడల్నే ఉంటుండు బిడ్డా. ఐతారం నాడు తప్ప ఇంటికి రాడు."

సాంచాలను పనివాళ్లకు అప్పజెప్పినట్టున్నాడు అనుకుంది ప్రేమలత. శంకరవ్వ గ్లాసుతో నీళ్లిచ్చింది.

"జర ఎర్రగున్నయ్, ఏమనుకోకు. నెల దినాల సంది బోరుల బురద నీళ్లే అస్తున్నయ్. వడగట్టిన."

"ఏం గాదు అవ్వా. నీ కొడుకు చెప్పిన మాటతోని ఇయ్యాల నా నెత్తి మీది బరువు దిగింది."

అప్పుడే కాళ్ల కింద నేల ఒక్కసారి ఎగదన్నినట్టయింది. అల్మారాలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. ఒకటి దొర్లి కిందపడింది. శంకరవ్వ దర్వాజను రెండు చేతులా పట్టుకుంది.

ప్రేమలత నవ్వింది. "అన్నం తిని లేచినట్టున్నరు. సాంచ ఆన్ చేసిండ్రు."

శంకరవ్వ ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

"ఇజ్జత్ పోతదని వాడు ఎవలకు చెప్తలేడు గని, నువ్వు మిషిని వెట్టిపోయిన వారానికే సాంచాలు తుక్కుకు అమ్మిండు. ఏడు నెలలాయె గద బిడ్డా."