గట్టిమేళం వేళకు అప్‌డేట్

ఉదయం 10.42కు, తాళి కట్టబోతుండగా, తణుకులోని పెళ్లి మండపంలో మేళం వినిపించే కంప్యూటరు తనంతట తానే కొత్త సిస్టమ్‌కు మారింది. మేళగాడు సింహాద్రి వాయించే కీబోర్డును అది గుర్తించలేదు. జిల్లాలో డోలు, సన్నాయి వాయించేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. మేళమంతా ఆ మీటల్లోనే ఉంది.

"గట్టిమేళం," అన్నాడు పురోహితుడు మళ్లీ.

"పాత కీబోర్డంటండి. ఒప్పుకోట్లేదు."

"ముహూర్తం దాటిపోతోంది. అపశకునం ఏదన్నా చెవినబడితే నిన్నే అంటారు," అంది పెళ్లికూతురి నాయనమ్మ. "మీ తాత డోలు ఎవర్నడిగి మోగిందిరా?"

సింహాద్రి వైరు పీకేశాడు. కీబోర్డును ఒళ్లో బోర్లించి, అడుగుభాగం మీద రెండు చేతులతో వాయించాడు. అక్షతలు పడ్డాయి.

మూడో ముడి దగ్గర తాను తుమ్మానని వరుడి మేనమామ భోజనాల దగ్గర చెప్పాడు. ఆ తుమ్ము ఎవరికీ వినపడలేదు.